స్టార్‌క్రాఫ్ట్ నేర్చుకుందాం: తొలి ప్రోబ్ నుంచి బ్రూడ్ వార్ దాకా

సంక్రాంతి సెలవులకు వచ్చిన మా మేనల్లుడు స్టార్‌క్రాఫ్ట్ అనే కంప్యూటర్ యుద్ధపుటాట ఆడుతుంటే పక్కన కూర్చుని చూశాను. ఏడో నిమిషంలో జెర్గ్‌లింగ్‌లనే పురుగుల్లాంటి జీవుల మంద వాడి బేస్‌లోకి (స్థావరంలోకి) దూరింది. వాడి దగ్గర జెలట్లనే సైనికులు నాలుగంటే నాలుగే. కాసేపట్లో అంతా తుడిచిపెట్టుకుపోయింది. "దానికి అంత సైన్యం ఎక్కణ్నుంచి వచ్చింది మామయ్యా?" అన్నాడు. నేను తెర మీద కుడివైపు పైమూలన వేలు పెట్టాను. నీలం స్ఫటికం గుర్తు పక్కన 1,840 అని ఉంది. అవి వాడి మినరల్స్, అంటే ఆటలో డబ్బు. ఒక్కో జెలట్‌కు వంద మినరల్స్. అంటే పద్దెనిమిది జెలట్లు పుట్టకుండానే ఆ మూలన అంకెగా ఉండిపోయాయి.

పొదుపు మంచిదని చిన్నప్పటి నుంచి విన్నవాళ్లం. ఈ ఆటలో మాత్రం దాచిన డబ్బుకు విలువ లేదు. వచ్చింది వచ్చినట్టు పనివాళ్లుగా, కట్టడాలుగా, సైనికులుగా మారిపోతుండాలి. ఈ ఒక్క అలవాటు పడితే మీలాంటి కొత్తవాళ్లలో ఎక్కువమందిని మీరు గెలుస్తారు. అందుకే ఈ మార్గదర్శి మొత్తం ఆ పైమూల చుట్టూనే తిరుగుతుంది.

ఏ ఆట ఇది

బ్లిజార్డ్ సంస్థ 1998 మార్చి 31న స్టార్‌క్రాఫ్ట్‌ను విడుదల చేసింది. ఆ ఏడాది చివర్లోనే బ్రూడ్ వార్ అనే విస్తరణ వచ్చింది. అంతరిక్షంలో మూడు జాతుల యుద్ధం ఇది. భూమికి దూరమై బతుకుతున్న మనుషులు టెర్రన్‌లు, పురుగుల్లా పుట్టుకొచ్చే జీవులు జెర్గ్‌లు, పురాతన నాగరికత గల యోధులు ప్రోటాస్‌లు. అంతకుముందు ఇలాంటి ఆటల్లో రెండు పక్షాలకూ దాదాపు ఒకే రకం సైన్యం ఉండేది, రంగు తేడా అంతే. ఇక్కడ మూడు జాతులకూ పోలికే లేదు. అయినా బలాబలాలు సరితూగుతాయి.

దీన్ని ఆటగా కాక క్రీడగా మార్చింది దక్షిణ కొరియా. 1997 ఆర్థిక సంక్షోభం తర్వాత అక్కడ పీసీ బాంగ్‌లనే కంప్యూటర్ కేంద్రాలు వీధివీధినా వెలిశాయి. వాటిలో యువత రాత్రింబవళ్లు ఆడింది స్టార్‌క్రాఫ్టే. దానికోసం టీవీ ఛానళ్లు వచ్చాయి, జీతమిచ్చి ఆటగాళ్లను పెట్టుకునే జట్లు వచ్చాయి. 2004లో బుసాన్ నగరంలోని గ్వాంగల్లి సముద్రతీరంలో జరిగిన ప్రోలీగ్ అనే జట్ల పోటీ ఫైనల్‌కు సుమారు లక్షమంది వచ్చారని అప్పట్లో వార్తలొచ్చాయి. బాక్సర్ అనే పేరుతో ఆడిన లిమ్ యో-హ్వాన్, ఫ్లాష్ అనే లీ యంగ్-హో అక్కడ సినిమా తారలతో సమానం. యూనిట్ల (సైనికులు, యంత్రాలు, పనివాళ్ల) బలాబలాలను చివరిసారి సవరించింది 2001లో, 1.08 ప్యాచ్ అనే సవరణతో. ఆ తర్వాత ముట్టుకోలేదు. ఇన్నేళ్లుగా అదే కత్తి, అదే డాలు. కొత్త ఎత్తులు కనిపెట్టింది ఆటగాళ్లే.

మనవైపు హాస్టళ్లలో, ఇంటర్నెట్ సెంటర్లలో ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ ఆడి పెరిగినవాళ్లు చాలామంది ఉన్నారు. మీరూ వాళ్లలో ఒకరైతే సగం పాఠం వచ్చినట్టే. పనివాళ్లను ఆపకుండా పుట్టించాలన్న సూత్రం రెండింటికీ ఒకటే.

ముందు ఏం దించుకోవాలి, ఏది ఆడాలి

2017 ఏప్రిల్ నుంచి పాత స్టార్‌క్రాఫ్ట్, బ్రూడ్ వార్ రెండూ ఉచితం. బ్యాటిల్.నెట్ యాప్ ద్వారా దించుకోవచ్చు. అదే ఏడాది ఆగస్టులో వచ్చిన రీమాస్టర్డ్‌కు డబ్బు కట్టాలి. బొమ్మలు కొత్తవి, ఆట మాత్రం అణువంత కూడా మారలేదు. ఎఫ్5 నొక్కితే కొత్త బొమ్మల్లోంచి పాత బొమ్మల్లోకి మారి చూసుకోవచ్చు. నేర్చుకోవడానికి ఉచితమైనదే చాలు. అయితే మౌస్ తప్పనిసరి. ల్యాప్‌టాప్ టచ్‌ప్యాడ్‌తో ఈ ఆట ఆడాలనుకోవద్దు, చేతులు నొప్పి తప్ప ఏమీ మిగలదు.

మొదట కథా దశలు ఆడండి. పాత ఆటలో టెర్రన్, జెర్గ్, ప్రోటాస్ వరుసలో పదేసి చొప్పున 30 దశలున్నాయి. బ్రూడ్ వార్‌లో 26: ప్రోటాస్‌కు ఎనిమిది, టెర్రన్‌కు ఎనిమిది, జెర్గ్‌కు పది. టెర్రన్ పది దశలు పూర్తిచేస్తే ఏ బటన్ ఏం చేస్తుందో తెలిసిపోతుంది. కథ కోసమైనా వదలొద్దు. జిమ్ రేనర్ ఎవరిని నమ్మి మోసపోయాడో, సారా కెర్రిగన్ ఎలా మారిపోయిందో తెలిశాక ఆ యూనిట్లు బొమ్మల్లా అనిపించవు. ఉదాహరణకు డ్రాగూన్. నాలుగు కాళ్ల యంత్రంలా కనబడే దాని లోపల ఉన్నది యుద్ధంలో దేహం ఛిద్రమైపోయిన ప్రోటాస్ యోధుడు. ఫీనిక్స్ అనే వీరుడు అలా తిరిగొచ్చే ఘట్టం నన్ను ఇప్పటికీ కదిలిస్తుంది.

కథా దశల్లో మీ తీరికను బట్టి ఆడొచ్చు. మనిషితో ఆడేటప్పుడు ఆ తీరిక ఉండదు. అసలు పాఠం ఇక్కడ మొదలవుతుంది.

జాతిని ఎంచుకోవడం

కొత్తవాళ్లకు నేను ప్రోటాస్ చెబుతాను. ఒక్కో యూనిట్ ఖరీదు ఎక్కువ, అందుకే తక్కువ యూనిట్లను చూసుకుంటే సరిపోతుంది. పైగా ప్రోటాస్ పనివాడైన ప్రోబ్ ఒక కట్టడానికి పునాది వేసి వెంటనే వెళ్లిపోవచ్చు, అది దానంతట అదే లేస్తుంది. టెర్రన్ పనివాడు కట్టడం పూర్తయ్యేదాకా అక్కడే ఉండాలి. జెర్గ్ డ్రోన్ అయితే తనే కట్టడంగా మారిపోతుంది, అంటే ప్రతి కట్టడానికీ ఒక పనివాణ్ని పోగొట్టుకోవాలి. అందుకే ఈ పాఠం ప్రోటాస్‌తో చెబుతున్నాను. మిగతా రెండు జాతుల గురించి చివర్లో.

డబ్బు ఎలా వస్తుంది, ఎక్కడ ఆగుతుంది

ఆట మొదలయ్యేసరికి మీకు ప్రోబ్‌లను పుట్టించే ప్రధాన కట్టడం నెక్సస్ ఒకటి, నాలుగు ప్రోబ్‌లు, 50 మినరల్స్ ఉంటాయి. ఒక ప్రోబ్ ఒక్కో విడతకు 8 మినరల్స్ తెస్తుంది. ఒక మినరల్ గడ్డ దగ్గర ఒకసారి ఒక్క ప్రోబే తవ్వగలదు. రెండోది వరుసలో నిలబడుతుంది, మూడోది ఇంకో గడ్డ వెతుక్కుంటూ తిరుగుతుంది. అందుకే గడ్డల సంఖ్యకు రెట్టింపు ప్రోబ్‌లు దాటితే లాభం తగ్గిపోతుంది. కొత్త బేస్ పెట్టాల్సింది అప్పుడే.

ఇప్పుడు నాకు చాలా ఇష్టమైన లెక్క చెబుతాను. అత్యంత వేగవంతమైన స్థాయిలో ప్రోబ్ పుట్టడానికి 12.6 సెకన్లు, ఖర్చు 50. జెలట్‌కు 25.2 సెకన్లు, ఖర్చు 100. డ్రాగూన్‌కు 31.5 సెకన్లు, మినరల్స్ 125. ఏది తీసుకుని లెక్కేసినా నిమిషానికి సుమారు 238 మినరల్స్ వస్తుంది. అంటే ఆపకుండా పనిచేసే ప్రతి నెక్సస్, సైనికులను పుట్టించే ప్రతి గేట్‌వే ఒక్కో కుళాయి లాంటిది. ఒక్కో కుళాయి నిమిషానికి 238 ఖర్చు చేస్తుంది. తొట్టి నిండుతుంటే కుళాయిలు చాలలేదన్నమాట, ఇంకో గేట్‌వే కట్టండి. తొట్టి ఖాళీగా ఉండి గేట్‌వేలు ఊరికే నిలబడితే కుళాయిలు ఎక్కువయ్యాయి, ప్రోబ్‌లు పెంచండి. మా మేనల్లుడికి ఈ మాట చెప్పాక వాడు పుస్తకం వెనకపేజీలో 238 అని రాసుకున్నాడు.

ఇక్కడ ఒక ప్రమాదం ఉంది. ఒక కట్టడంలో ఒకేసారి అయిదు యూనిట్లను వరుస పెట్టొచ్చు. చూడ్డానికి సౌకర్యం. కానీ వరుసలో పెట్టిన క్షణమే అయిదింటి డబ్బూ పోతుంది. అయిదు ప్రోబ్‌లు వరుస పెడితే 250 మినరల్స్ పోయి, పుట్టేది మాత్రం ఒక్కొక్కటే. తొలి రెండు నిమిషాల్లో ఆ 250 అంటే రెండు కట్టడాలు: ఒక పైలాన్, ఒక గేట్‌వే. పైమూలన సున్నా కనిపిస్తుంది కాబట్టి ఖర్చు పెట్టామనే అనిపిస్తుంది, నిజానికి అది కట్టడంలో దాచిన డబ్బు. ఒకటి పుడుతుండగా ఇంకొకటి, అంతకుమించి వద్దు.

తొలి అయిదు నిమిషాలు

మ్యాప్‌గా ఫైటింగ్ స్పిరిట్ తీసుకోండి. నాలుగు మూలల్లో నాలుగు బేస్‌లు, ప్రతి బేస్ ఎత్తు మీద, కిందికి ఒక ర్యాంప్ (ఏటవాలు దారి), ర్యాంప్ దిగగానే రెండో బేస్‌కు చోటు. కొరియన్లు దీన్ని ఏళ్ల తరబడి ఆడారు.

ఆట తెరుచుకోగానే నెక్సస్ ఎంచుకుని పి నొక్కండి, తొలి ప్రోబ్ మొదలవుతుంది. ఆ తర్వాతే ఉన్న నాలుగు ప్రోబ్‌లనూ వేర్వేరు గడ్డల మీదికి పంపండి. ఈ క్రమం తిరగేయొద్దు.

పైన కుడివైపు మూడో అంకె జనాభాది. మొదట 4/9 అని ఉంటుంది. ప్రతి ప్రోబ్ పుట్టగానే ఇంకో ప్రోబ్. 50 మినరల్స్ పోగవడం, పి నొక్కడం, పుట్టినదాన్ని గడ్డ మీదికి పంపడం, ఇంతే. పుట్టిన ప్రోబ్ తనంతట తాను పనికి వెళ్లదని గుర్తుంచుకోండి. ఈ ఆటలో ప్రతి పనివాడికీ మీరే పని చూపించాలి. ఒక్కటి ఊరికే నిలబడితే అది మీ చేతి తప్పే.

జనాభా 8 అయినప్పుడు తొలి పైలాన్, వంద మినరల్స్. డబ్బు 80 దగ్గర ఉండగానే ఒక ప్రోబ్‌ను ఆ చోటికి నడిపించండి. అది చేరేసరికి వంద పోగవుతుంది. బి, పి నొక్కి పునాది వేయండి. పైలాన్ 19 సెకన్లలో లేస్తుంది, జనాభా పరిమితిని 8 పెంచుతుంది, చుట్టూ కట్టడాలకు శక్తినిస్తుంది. ఎక్కడపడితే అక్కడ పెట్టొద్దు. ర్యాంప్ కనిపించేంత దగ్గరగా పెడితే గేట్‌వేలు దారికి కాపలాగా నిలుస్తాయి.

జనాభా 10 దగ్గర గేట్‌వే, 150 మినరల్స్. బి, జి. ఇది కట్టిన ప్రోబ్‌ను వెనక్కి పిలవకుండా వేగు చూడ్డానికి పంపండి. 12 దగ్గర గ్యాస్ మీద అసిమిలేటర్ (రెండో వనరైన గ్యాస్‌ను తీసే కట్టడం), బి, ఎ. అది లేవగానే మూడు ప్రోబ్‌లు గ్యాస్‌లోకి. గేట్‌వే పూర్తవగానే డ్రాగూన్లకు దారి తెరిచే సైబర్నెటిక్స్ కోర్, 200 మినరల్స్, బి, వై. ఇది జనాభా 13, 14 మధ్య పడుతుంది. 15, 16 మధ్య రెండో పైలాన్. కోర్ లేవగానే తొలి డ్రాగూన్, దాంతోపాటే డ్రాగూన్ దూరాన్ని పెంచే పరిశోధన. దీనికి 150 మినరల్స్, 150 గ్యాస్. ఆలస్యం చేయొద్దు, పెరిగిన దూరం లేని డ్రాగూన్ సగం డ్రాగూనే. జనాభా 20 దాటాక ర్యాంప్ కింద రెండో నెక్సస్, 400 మినరల్స్. ఎదుటివాడు జెర్గ్ అయితే తొలి జెలట్‌ను ముందే తీయండి, జెర్గ్‌లింగ్‌లు త్వరగా వస్తాయి.

ఇదంతా చదివి తలపట్టుకోవద్దు. మొదటి పది ఆటల్లో ఈ అయిదు నిమిషాలే ఆడండి, ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టుకోండి. అయిదు నిమిషాలంటే 300 సెకన్లు. ఒక్క నెక్సస్ ఒక్క క్షణం ఆగకపోతే అందులో 23 ప్రోబ్‌లు పుడతాయి, మొదటి నాలుగుతో కలిపి 27. అది అంచు. మీకు 24 ఉంటే భేష్. 15 ఉన్నాయంటే పన్నెండు సార్లు మీ చెయ్యి నెక్సస్‌ను మర్చిపోయిందన్నమాట. ఎదుటివాడు ఎవరైనా సరే, మీ ఆట ఎలా ఉందో ఈ ఒక్క అంకె చెబుతుంది.

చేతులకు నేర్పాల్సింది

స్టార్‌క్రాఫ్ట్‌లో ఒకసారి 12 యూనిట్లకు మించి ఎంచుకోలేరు, కట్టడాల్ని ఒక్కొక్కటిగానే ఎంచుకోవాలి. ఆ తర్వాత వచ్చిన ఆటలు ఈ పరిమితుల్ని తీసేశాయి. నా మటుకు నాకు ఈ ఆటకు ప్రాణం అవే. యాభై మంది సైనికులను ఒక్క క్లిక్‌తో పంపగలిగితే యుద్ధం ఎదురెదురు గుంపుల ఢీ అయిపోతుంది. ఇక్కడ మీ చూపు ఎక్కడుందో అక్కడే మీ బలం ఉంటుంది. చూపు పెట్టే చోటును ఎంచుకోవడమే ఇందులో అసలు విద్య.

యూనిట్లను ఎంచుకుని కంట్రోల్ కీతో పాటు ఒక అంకె నొక్కితే అవి ఆ అంకెకు కట్టుబడతాయి. సైన్యానికి 1, 2, 3. నెక్సస్‌కు 4. గేట్‌వేలకు 5 నుంచి 0 దాకా. యుద్ధం చూస్తూనే 4, పి నొక్కితే ప్రోబ్ మొదలవుతుంది, 5, డి, 6, డి నొక్కితే రెండు డ్రాగూన్లు. తెర కదలనే లేదు. షిఫ్ట్ పట్టుకుని ఎఫ్2 నొక్కితే అప్పుడు కనిపిస్తున్న చోటు గుర్తుండిపోతుంది, తర్వాత ఎఫ్2 నొక్కగానే అక్కడికి వెళతారు. బేస్‌కు ఎఫ్2, రెండో బేస్‌కు ఎఫ్3, గేట్‌వేల గుంపుకు ఎఫ్4.

సైన్యాన్ని పంపేటప్పుడు కుడి క్లిక్ చేస్తే అది నడుస్తుందే గానీ దారిలో తగిలే శత్రువును పట్టించుకోదు, దెబ్బలు తింటూ పోతుంది. ముందు ఎ నొక్కి, ఆపై ఎడమ క్లిక్ చేయండి. అప్పుడు దారిలో ఎవరు తగిలినా ఆగి పోరాడుతుంది. కొత్తవాళ్లు ఓడే యుద్ధాల్లో చాలా భాగం ఈ ఒక్క కీ మర్చిపోవడం వల్లే.

వేగు ప్రోబ్

గేట్‌వే కట్టిన ప్రోబ్ మూడు మూలల్లో ఏదో ఒకచోట శత్రువును కనిపెడుతుంది. కనిపెట్టాక చుట్టూ తిప్పుతూ లెక్కలు చూడండి. జెర్గ్ అయితే జెర్గ్‌లింగ్‌లకు దారి తెరిచే స్పానింగ్ పూల్ ఎంత తొందరగా వేశాడు? నాలుగు డ్రోన్‌లతోనే పూల్ వేసే తెగువ ఒకటుంది, దాన్ని నాలుగు పూల్ అంటారు. మీ తొలి జెలట్ పుట్టే లోపే ఆరు జెర్గ్‌లింగ్‌లు వచ్చేస్తాయి. అప్పుడు ప్రోబ్‌లే సైనికులు. అన్నింటినీ ఒక్కసారి ఎంచుకుని ఎ నొక్కి ఎదుర్కోవాలి. దెబ్బ తిన్న ప్రోబ్‌ను మినరల్ గడ్డ మీద కుడి క్లిక్ చేస్తే అది మిగతా వాళ్ల మధ్యలోంచి జారిపోతుంది. తవ్వడానికి వెళ్లే పనివాళ్లు ఎవరికీ తగలకుండా దూరిపోగలరు. ఆ రోజుల్లో ఆటగాళ్లు ఎవరో గమనించిన ఈ చిన్న విషయం ఇప్పుడు ప్రాథమిక పాఠం.

టెర్రన్‌కు సైనికులను తయారుచేసే బ్యారక్స్ రెండు ఉండి గ్యాస్ లేదంటే మెరీన్లనే తుపాకీ సైనికులతో ముందే దాడికి వస్తాడు. ప్రోటాస్‌కు గ్యాస్ ఉండి గేట్‌వే ఒక్కటే ఉందంటే ఏదో దాస్తున్నాడు, కనిపించకుండా వచ్చి కొట్టే డార్క్ టెంప్లర్ అనుకోండి.

ఎవరి దెబ్బ ఎవరికి తగులుతుంది

యూనిట్ మీద క్లిక్ చేస్తే దాని బలం కనిపిస్తుంది గానీ ఒక విషయం కనిపించదు. దెబ్బలు మూడు రకాలు. మామూలు దెబ్బ అందరికీ పూర్తిగా తగులుతుంది. పేలుడు దెబ్బ పెద్ద యూనిట్లకు పూర్తిగా, మధ్యస్థ యూనిట్లకు 75 శాతం, చిన్నవాటికి సగం. కుదుపు దెబ్బ దానికి తలకిందులు: చిన్నవాటికి పూర్తిగా, మధ్యస్థానికి సగం, పెద్దవాటికి 25 శాతం. ప్రోటాస్ యూనిట్ల ప్రాణానికి పైన ఉండే రక్షణ కవచం, షీల్డ్‌కు మాత్రం ఏ దెబ్బైనా పూర్తిగానే.

డ్రాగూన్ దెబ్బ 20, పేలుడు రకం. జెర్గ్‌లింగ్ చిన్నది కాబట్టి దానికి పదే తగులుతుంది. దాని ప్రాణం 35, అంటే నాలుగు గుళ్లు కావాలి. అంతలో పది జెర్గ్‌లింగ్‌లు డ్రాగూన్‌ను చుట్టేస్తాయి. అందుకే జెర్గ్ మీద జెలట్లు, టెర్రన్ ట్యాంకుల మీద డ్రాగూన్లు. టెర్రన్ వల్చర్ దెబ్బ కూడా 20, కానీ కుదుపు రకం. షీల్డ్ పోయాక డ్రాగూన్‌కు అది అయిదే. అదే వల్చర్ ముందు జెలట్ల గుంపు నిలవలేదు.

ఎత్తు కూడా అంతే ముఖ్యం. కింద నుంచి ఎత్తు మీదికి కాల్చే గుళ్లలో సుమారు 53 శాతమే తగులుతాయి, మిగతావి గాలికి పోతాయి. పైనున్నవాడికి ఆ నష్టం లేదు. ఎనిమిది డ్రాగూన్లతో ర్యాంప్ ఎక్కబోతే మీవి నాలుగింటితో సమానమని అనుకోండి. శత్రువును కిందికి రప్పించండి, లేదంటే వేరే దారి చూడండి.

రెండో బేస్ తర్వాత

రెండో నెక్సస్ లేవగానే అక్కడా ప్రోబ్‌లు మొదలుపెట్టండి, మొదటి బేస్ నుంచి కొన్నింటిని పంపండి. గేట్‌వేలు నాలుగు చేయండి, తర్వాత ఆరు. జెలట్, డ్రాగూన్ రెండింటికీ జనాభా లెక్కలో రెండేసి. పైలాన్ ఎనిమిదికి సరిపోతుంది. అంటే నాలుగు గేట్‌వేలు ఒక్కో విడత తీసే సైన్యానికి ఒక్కో పైలాన్. లెక్క తప్పితే కట్టడాలన్నీ ఆగిపోతాయి, ఇంకో పైలాన్ కట్టమని చెవిలో గొంతు వినిపిస్తుంది. ఆ గొంతు వినబడిందంటే అప్పటికే ఆలస్యమైందని లెక్క. పరిమితికి ఆరు దూరంలో ఉండగానే పైలాన్ మొదలుపెట్టండి.

రోబోటిక్స్ ఫెసిలిటీ, దాని తర్వాత అబ్జర్వేటరీ తప్పక కట్టండి. అబ్జర్వర్ ఖరీదు 25 మినరల్స్, 75 గ్యాస్. కనిపించని శత్రువును చూపించేది అదే, శత్రువుకు కనిపించకుండా తిరిగేదీ అదే. నేను ఓడిన ఆటల్లో నన్ను ఎక్కువ బాధపెట్టినవి అబ్జర్వర్ లేక ఓడినవే.

కంప్యూటర్ మీద తొలి దాడికి దూరం పెరిగిన డ్రాగూన్లు ఎనిమిది, జెలట్లు ఎనిమిది, ఒక అబ్జర్వర్ చాలు. దాడి మొదలయ్యాక చూపు యుద్ధం మీదే ఉండిపోతుంది, అది సహజం. కానీ ప్రతి అయిదారు సెకన్లకు 4, పి, 5, డి, 6, జెడ్ నొక్కుతూనే ఉండండి. గేట్‌వేలను ఎంచుకుని యుద్ధానికి కాస్త వెనక చోటు మీద కుడి క్లిక్ చేసి ఉంచితే పుట్టినవాళ్లు నేరుగా అక్కడికి చేరుకుంటారు. మొదటి గుంపు సగం పోయేసరికి రెండో గుంపు వచ్చి నిలుస్తుంది. గెలుపు సాధారణంగా ఆ రెండో గుంపుదే.

బ్రూడ్ వార్ ఏం మార్చింది

విస్తరణ ఏడు కొత్త యూనిట్లు తెచ్చింది. పైకి చిన్న సంఖ్య. ఆటను మాత్రం మలుపు తిప్పింది.

టెర్రన్‌కు మెడిక్ వచ్చింది, పక్కనున్న మెరీన్ల గాయాలు మాన్పుతుంది. మెరీన్లు ఒక మందు ఎక్కించుకుని వేగంగా కాలుస్తారు, దానికి తమ ప్రాణంలోంచి పది కట్టాలి. మెడిక్ రాకముందు అది ఆత్మహత్యతో సమానం, వచ్చాక జెర్గ్ మీద టెర్రన్‌కు ప్రధానాయుధం. గాలిలో వాల్కిరీ కూడా ఇచ్చారు గానీ ఎక్కువగా కనిపించదు.

జెర్గ్‌కు లర్కర్. హైడ్రలిస్క్ అనే జెర్గ్ యూనిట్ రూపం మార్చుకుని లర్కర్ అవుతుంది. నేలలోకి దూరాకే దాడి చేస్తుంది, వరుసగా ముళ్లు పైకి పొడుచుకొస్తాయి. మెడిక్‌లున్న మెరీన్ల గుంపుకు జవాబు ఇదే. నేలలో ఉన్నదాన్ని చూడ్డానికి టెర్రన్ స్కాన్ వాడాలి, స్కాన్ ఖర్చయిపోతే వెనక్కి తగ్గాలి. గాలిలో డివౌరర్ వచ్చింది.

ప్రోటాస్‌కు మూడు వచ్చాయి. కోర్సేర్ గాలిలో మ్యూటలిస్క్‌లనే ఎగిరే జెర్గ్‌ల మందలను, జెర్గ్ జనాభా పరిమితిని పెంచే ఓవర్‌లార్డ్‌లను చీల్చేస్తుంది. డార్క్ టెంప్లర్ ఎప్పుడూ కనిపించదు. ఒక్క దెబ్బ 40, మెరీన్ ప్రాణం కూడా సరిగ్గా 40. శత్రువు దగ్గర కనిపెట్టే సాధనం లేకపోతే ఒక్కటి చాలు బేస్ అంతా ఊడ్చేయడానికి. ఖర్చు 125 మినరల్స్, 100 గ్యాస్. మూడోది డార్క్ ఆర్కాన్, శత్రు యూనిట్‌ను శాశ్వతంగా మీవైపు తిప్పుకోగలదు. శత్రువు పనివాణ్ని తిప్పుకుంటే వాడి జాతి కట్టడాలన్నీ మీరు కట్టొచ్చు, ఆ జాతికి విడిగా ఇంకో 200 జనాభా పరిమితి. గెలిచే ఆటల్లో ఇది అక్కర్లేదు, కానీ ఒక్కసారైనా చేసి చూడండి.

మిగతా రెండు జాతులు

టెర్రన్ అంటే ఓర్పు. ప్రోటాస్ మీద ఆడేటప్పుడు ట్యాంకులు, వల్చర్లు వాడండి. ఒక్కో వల్చర్ మూడు మైన్లు పాతుతుంది. ట్యాంకును నేలకు దించితే దెబ్బ 70, దూరం నుంచే. అంగుళం అంగుళం ముందుకు జరగాలి. మొదలు 9 దగ్గర జనాభా పరిమితి పెంచే సప్లై డిపో, 11 దగ్గర బ్యారక్స్, వెంటనే గ్యాస్, ఆపై ఫ్యాక్టరీ.

జెర్గ్ లెక్క వేరు. పనివాడైనా సైనికుడైనా ఒకే లార్వా లోంచి పుడతారు. జెర్గ్ ప్రధాన కట్టడమైన హ్యాచరీ దగ్గర ఒకసారి మూడు లార్వాలకు మించి నిలవవు, మూడూ ఊరికే ఉన్నాయంటే కొత్తది పుట్టడం ఆగిపోయిందని అర్థం. ఇక్కడ డబ్బుతోపాటు లార్వాను కూడా దాచకూడదు. 9 దగ్గర ఓవర్‌లార్డ్, 12 దగ్గర రెండో హ్యాచరీ, వెంటనే పూల్, గ్యాస్. ప్రతి లార్వా దగ్గరా డ్రోనా, సైనికుడా అన్న ప్రశ్న వస్తుంది. వేగు సరిగ్గా చూసినవాడికే దానికి జవాబు తెలుస్తుంది.

ఓడాక చేయాల్సిన పని

1.08 ప్యాచ్‌తోనే ఆటను దాచుకుని మళ్లీ చూసే రీప్లే సౌకర్యం వచ్చింది. ఓడిన వెంటనే ఇంకో ఆట మొదలుపెట్టకండి. రీప్లే తెరిచి వేగం పెంచి, యుద్ధాలను వదిలేసి, మీ మినరల్స్ అంకె మొదటిసారి 500 దాటిన క్షణం పట్టుకోండి. అక్కడ ఆపి మీరు అప్పుడు ఏం చూస్తున్నారో గుర్తుచేసుకోండి. దాదాపు ఎప్పుడూ ఏదో చిన్న పోరులోనో, వేగు ప్రోబ్‌ను తిప్పుతూనో ఉంటారు. తర్వాతి ఆటలో ఆ ఒక్కచోటే సరిచేసుకోండి. వారం తర్వాత ఆ క్షణం నాలుగో నిమిషం నుంచి ఆరో నిమిషానికి జరిగితే మీరు మెరుగయ్యారు, గెలిచారా ఓడారా అన్నది చూడనక్కర్లేదు.

ఎదుటివాడు మనిషైతే ఆట ముగిసేటప్పుడు జీజీ (గుడ్ గేమ్) అని టైప్ చేసి బయటికి రండి, ఓడినవాడు ముందు రాయడం మర్యాద. కొరియాలో 2016లో మొదలైన ఏఎస్ఎల్ పోటీల ఆటలు చూడండి. భాష అర్థం కాకపోయినా పర్వాలేదు. సైన్యాల మీద నుంచి కళ్లు తిప్పి వాళ్ల మినరల్స్ అంకె చూడండి, పెద్ద యుద్ధం మధ్యలోనూ అది పెరగదు.

మా మేనల్లుడు నిన్న ఫోన్ చేశాడు. "అయిదు నిమిషాలకు ఇరవై రెండు వచ్చాయి మామయ్యా" అన్నాడు. గెలిచావా అని నేను అడగలేదు, వాడూ చెప్పలేదు. రెండో పైలాన్ ఎప్పుడు వేశావని అడిగితే కాస్త ఆగి, "పదిహేడు దగ్గర" అన్నాడు. కనీసం ఒక జనాభా ఆలస్యం. అక్కడే మిగతా అయిదు ప్రోబ్‌లలో ఒకటో రెండో పోయి ఉంటాయి. రీప్లే పంపమన్నాను.